సూరజ్ బాబు సూదులు

"ఓలమ్మో! ఈడి సేతులిరిగిపోనూ, గోనెసంచి కుట్టినట్టు కుడతన్నాడే!"

బంగారమ్మ తెలుగులో అంత మాటన్నా సూరజ్ బాబు చలించలేదు.

"ఆరామ్ సే, మాతాజీ," అంటూ హిందీలో సముదాయించి మెడ పక్కన ఇంకో సూది దించాడు.

కూతురు బిందుప్రియ పళ్లు కొరికింది. "మమ్మీ, చుప్ రహో నా!"

"ఏటే నీ బయ్యం? ఆడికి తెలుగొచ్చేటి?"

జంషెడ్‌పూర్‌లో మనవాళ్లకి ఇదో వైభోగం. బజారులో, ఆటోలో, ఆఫీసులో, ఎదుటి మనిషిని మొహమ్మీదే తెలుగులో ఎంత మాటైనా అనేసి చల్లగా నవ్వేయొచ్చు. బంగారమ్మ పుట్టిందీ పెరిగిందీ ఆ ఊళ్లోని బారిడీహ్ పేటలోనే. ఈ విద్యలో ఆమెను మించినవాళ్లు లేరు.

పాపం, నొప్పి కూడా అంత గట్టిదే. కుడిచెయ్యి భుజం దాటి లేవదు. జడ కూడా బిందుప్రియే వెయ్యాలి. మాత్రలయ్యాయి, కాపడాలయ్యాయి, నూనెలయ్యాయి. ఆఖరికి గోవింద్‌పూర్‌లో ఆక్యుపంక్చర్ చేసే ఈయన దగ్గరికి కూతురు లాక్కొచ్చింది.

జడ సంగతి ఆమెకు లెక్కలేదు. ఆమెకు కావలసింది అటక మీదుంది.

అది కొడుకు మురళి సంచి. కిందటేడు లారీ ప్రమాదంలో మురళి పోయాక, ఆమె మొగుడు ఆదిబాబు కొడుకు బట్టలన్నీ అందులో కుక్కి పైకెక్కించేశాడు. అంతే, ఇంట్లో మళ్లీ ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఆదిబాబు అన్నం ముందు నుంచి లేచిపోతాడు.

సంచి దించిపెట్టమని ఎవర్నడుగుతుంది? అడగాలంటే పేరెత్తాలి కదా! తన చేత్తో తనే దించుకోవాలి.

సూదులు పెట్టాక కదలకూడదు. బిందుప్రియ ఫోను పట్టుకుని బయటికెళ్లిపోయింది. కిటికీకి నీలం పరదా ఉంది. గాలికి అది ఊగితే గదిలో వెలుగంతా చెరువు నీళ్లలా ఊగుతోంది. దూరంగా ఫ్యాక్టరీ సైరన్ మోగి ఆగిపోయింది. బంగారమ్మకు కునుకు కాని కునుకేదో కమ్ముకొచ్చింది. ఒళ్లెక్కడో వదిలేసి తేలిపోతున్నట్టుంది.

ఆ తేలిపోవడంలో నోరు దానంతటదే కదిలింది.

"మా మురళిగాడికి సూదంటే సచ్చేంత బయ్యం బాబూ. నాను పట్టుకోవాల ఆణ్ణి."

సూరజ్ బాబు మూలన స్టూలు మీద కూర్చుని దూది ఉండలు చేసుకుంటున్నాడు.

"వంకాయ కూరొండితే కంచం కింద దాసేసీవోడు. దొంగముండాకొడుకు."

గోడకి చెప్పుకున్నట్టే ఉంది. గోడా బదులు చెప్పదు, ఈయనా చెప్పడు. ఎంత హాయి!

ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ అంతే. మురళి తొలి జీతానికి కొన్న చీర, మురళి ఈల, మురళి కోపం, అన్నీ ఆ నీలం వెలుగులోకి వచ్చేవి. ఒకసారి కొడుకే వచ్చాడు. వానలో తడిసి, మంచం కోడు పక్కన కూర్చుని, "ఆకలేత్తందే అమ్మా," అన్నాడు.

బంగారమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. చేతుల నిండా సూదులు, తుడుచుకోడానికి లేదు. సూరజ్ బాబు లేచొచ్చి రుమాలుతో ఆమె కళ్లు తుడిచాడు. తుడిచి, చాలాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

'మంచోడే పాపం. మాట తెలీకపోయినా ఏడుపు తెలిసింది,' అనుకుంది.

చెయ్యి ఇంతింతగా లేచింది. ఒక మధ్యాహ్నం స్టూలెక్కి చాపింది. అందింది!

ఆదిబాబు డ్యూటీ నుంచి వచ్చేసరికి సంచి ఆమె ఒళ్లో ఉంది.

"ఎవుడు దించినాడు?"

"నానే." సంచి విప్పి చొక్కా తీసింది. "మురళి సొక్కా సూడు."

ఆదిబాబు వెళ్లిపోలేదు. అక్కడే కూలబడి, ఆ చొక్కాలో మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"సెప్పవే," అన్నాడు చివరికి. "ఆడి గురించి ఏదోటి సెప్పు."

ఆ సాయంత్రం ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు. చాన్నాళ్లకి ఆ ఇంట్లో కడుపునిండా అన్నం తిన్నారు.

మర్నాడు బంగారమ్మ పాకుండలు చేసి డబ్బాకెత్తింది. ఈసారి ఒక్కతే గోవింద్‌పూర్ బయల్దేరింది. ఆటోలో కూర్చుని చెప్పాల్సిన మాటలు హిందీలో కూడబలుక్కుంది. ఇన్నాళ్లూ ఆయనకి ఒక్క ముక్కా అర్థం కాలేదు, మురళి ఎవరో ఈరోజైనా హిందీలో చెప్పాలి.

సూదుల గదికి తాళం వేసుంది. పక్కనే ఉన్న వాళ్లింటి తలుపు కొడితే, తీసినామె బొట్టు లేకుండా ఉంది.

"ఆయన భార్యని," అంది హిందీలో. "పోయిన వారం నిద్రలోనే వెళ్లిపోయారు. మీరు బారిడీహ్ దీదీ కదూ?"

బంగారమ్మ చేతిలో డబ్బా బరువెక్కింది. "నానెలా తెలుసు మీకు?" హిందీ మరిచిపోయి తెలుగులో అడిగి, మళ్లీ హిందీలో అడిగింది.

"మీరొచ్చిన రోజు ఆయన మొహం వెలిగిపోయేది. మీరేం చెప్పారో మాత్రం ఎన్నడూ నాకు చెప్పలేదు."

"ఆయనకేం అర్థమైందని చెప్పడానికి?"

ఆమె వింతగా చూసింది.

"అర్థం కాకపోవడమేంటి దీదీ? ఆయన అసలు పేరు సూర్యం, పుట్టింది టెక్కలి దగ్గర. నేను బిహార్‌దాన్ని, నాకూ పిల్లలకూ తెలుగు రాదు. అత్తయ్య పోయాక ఇంట్లో ఆయన భాష మాట్లాడే దిక్కే లేకపోయింది."

"మరి నాతో ఒక్క మాటైనా..."

"మాట్లాడొచ్చుగా అని నేనూ పోరాను. 'నాకు తెలుగొచ్చని తెలిస్తే ఆవిడ నోరు మూసుకుపోతుంది, దానికంటే నా నోరే మూసుకుంటాలే' అనేవారు."