మంచు అంచు

మా కొడుకు మధు చనిపోయి ఏడాది. నా భార్య శోభారాణి వాడి మగ్గాన్ని ముట్టదు, ముట్టనివ్వదు. సగంలో ఆగిన ఆ జంపఖానా కనబడితే నాకు ఇంట్లో కూర్చోబుద్ధి కాదు. ఇవాళ దాన్ని కోసేద్దామని కత్తెర తీశాను.

“జర ఆగుండ్రి,” శోభ అడ్డం వచ్చింది.

“ఇంకెన్ని రోజులు?”

“బాపూ, రేపే పరీక్ష,” మా బిడ్డ సుకన్య పుస్తకంతో వచ్చింది. “మంచుయుగం ఎట్ల అయిపోయింది?”

“భూమి తిరిగే తీరు జర మారి, ఉత్తరాన ఎండ పెరిగింది. అంచుల మంచు కరిగి నల్లనేల తేలింది. ఆ నేల ఎండను పట్టుకొని పక్క మంచును కరిగించింది. సముద్రంల ఉన్న గ్యాస్ బయటికొచ్చి వేడిని ఇంకా పెంచింది.”

“ఎన్ని దినాలు పట్టింది?” అడిగింది శోభ.

“వేల ఏండ్లు.”

“సూర్యునికే అంత పడితే, నన్నెందుకు తొందరపెడ్తాండ్రు సారూ?”

కత్తెర దించి, మగ్గం మీది దుమ్మయినా తుడుద్దామని గుడ్డ తీశాను.

శోభ ఆ గుడ్డను నా చేతిలోంచి లాక్కుంది.

“మీకు పోగులు తెంపుడే వస్తది. నేను తుడుస్త.”