జవాబు సరైనదే, కాస్త ఆలస్యం

“నాన్నా, మన పాతింటి గేటు ఏ రంగు?”

అన్నం తింటూ కూతురు ఉన్నట్టుండి అడిగింది. తండ్రి వంటింటివైపు తిరిగి కేకేశాడు. “ఏమోయ్, మన పాతింటి గేటు ఏ రంగు?”

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. ఆయన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. కాసేపటికి తల్లి గొంతు వినబడింది. “ఆకుపచ్చ.”

“ఆకుపచ్చేనమ్మా,” అన్నాడాయన.

ఈమధ్య ఏదడిగినా ఇదే వరస. ఆయన జ్ఞాపకాలన్నీ వంటింట్లోనే ఉన్నట్టున్నాయి.

కూతురికి అనుమానం బలపడింది. అమ్మానాన్నలిద్దరూ కలిసి నడిపే మందుల షాపులో పోయినవారం ఒకరికి ఒక మందు బదులు ఇంకోటి వెళ్ళింది. అదృష్టం బాగుండి ఆ మనిషి మింగకముందే చూసుకున్నాడు. “పొరపాటు నాదే,” అని తండ్రి ఒప్పేసుకున్నాడు. ఆయనకు మతిమరుపు మొదలైతే షాపు మూసెయ్యక తప్పదు. ఆ మాట ఏ నోటితో చెప్పాలో ఆమెకు తెలియడంలేదు.

“మీ ఆఫీసు పనీ ఇంతేగా? కూర్చుని ప్రశ్నలెయ్యడం,” నవ్వాడు తండ్రి.

“ఇంతే. ఇదివరకు ఈ డిజిటల్ నాణేల వ్యాపారంలో కంప్యూటర్లు పనికిరాని లెక్కలు చేసి కరెంటు తగలేస్తే డబ్బులొచ్చేవి. మా దాంట్లో ఇతరుల ఫైళ్ళు తమ కంప్యూటర్లలో భద్రంగా దాచినవాళ్ళకే డబ్బులు. నిజంగా దాచారో లేదో తెలియాలిగా? మొత్తం చూపించమనం. ఎక్కడో ఓ ముక్క అడుగుతాం.”

“సరిగ్గా చెబితే ఉన్నట్టేగా?”

“అది చాలదు. తన దగ్గర లేకపోయినా, అడిగినప్పుడు పక్కవాడి దగ్గర్నుంచి పట్టుకొచ్చి చెప్పొచ్చు. జవాబు సరిగ్గానే ఉంటుంది, కానీ ఆలస్యంగా వస్తుంది. అందుకే ఎంతసేపు పట్టిందో కూడా చూస్తాం.”

తండ్రి నవ్వు ఆగిపోయింది.

మర్నాడు తల్లి బజారుకెళ్ళగానే కూతురు షాపుకొచ్చింది.

“షాపు తెరిచినరోజు ముందుగా వచ్చిందెవరు?”

“పక్కవీధి టీచరు, చెవిపోటని.”

“చిన్నప్పుడు నాకు ఏ చెయ్యి విరిగింది?”

“ఎడమది. ఊయల మీంచి పడ్డావు.”

“నా మొదటి సైకిలు?”

“ఎర్రది. బెల్లు మోగేది కాదు.”

తడుముకోకుండా టకటకా చెప్పేశాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది, వెనకే కోపమూ వచ్చింది.

“ఇన్ని గుర్తున్నాయి కదా, మరి ప్రతిదానికీ అమ్మనెందుకు అడుగుతావు? నిన్న గేటు రంగు చెప్పడానికి ఎంత ఆలస్యమైందో తెలుసా? నేనెంత హడలిపోయానో!”

తండ్రి చేతిలోని మందుల డబ్బాను అరలో పెట్టాడు. భార్య ఇంకా రాలేదని వీధిలోకి తొంగిచూసి, గొంతు తగ్గించాడు.

“ఆలస్యం నాది కాదమ్మా, మీ అమ్మది.”