వద్దన్నవి ఇందులో పెట్టండి

"ఇది మనకొద్దు. తీసిన చోటే పెట్టి రా," అన్నాడు తండ్రి, ట్రాలీలో కొత్తగా వెలసిన ప్లాస్టిక్ ఏనుగును చెవి పట్టి పైకెత్తి.

చిట్టి తెచ్చిన వాటిలో అది నాలుగోది. అతని భుజం మీద పది నెలల బాబు గుక్క తిప్పుకోకుండా ఏడుస్తున్నాడు. భార్య రాసిచ్చిన చీటీలో ఇంకా సగం సరుకులు దొరకనేలేదు.

"ఎక్కడ తీశానో మర్చిపోయా నాన్నా."

నాలుగేళ్ళ పిల్లకు అంత పెద్ద స్టోర్లో ఏది ఎక్కడిదో ఏం గుర్తుంటుంది? అరలు సర్దుతున్న ఆవిడ జాలిపడింది.

"అదిగో తల్లీ, ఆ ఎర్ర ట్రాలీ. 'వద్దన్నవి ఇందులో పెట్టండి' అని రాసుంది చూడు. అందులో పెట్టెయ్."

"పెడితే ఏమవుతాయి?"

"కావలసినవాళ్ళు వచ్చి తీసుకెళ్తారు."

చిట్టికి ఈ ఏర్పాటు భలే నచ్చింది. ఏనుగును ఎర్ర ట్రాలీలో కూర్చోబెట్టి, "ఏడవకు, ఎవరో ఒకళ్ళు వస్తార్లే," అని చెప్పింది. పక్కనే బల్ల మీద కూర్చుని, తన భార్య కొనడం ఎప్పటికవుతుందా అని ఎదురుచూస్తున్న ముసలాయన నవ్వాడు.

బిల్లు దగ్గర వరస చాంతాడంత ఉంది. గంట నిలబడ్డాక వాళ్ళ వంతు వచ్చింది. నాన్నకు సాయం చేద్దామని చిట్టి మునివేళ్ళ మీద లేచి తేనె సీసా అందుకుంది. సీసా జారింది. గాజు పెంకులు నాలుగు వైపులా ఎగిరాయి. ఉలిక్కిపడి బాబు మళ్ళీ మొదలెట్టాడు.

"పిల్లల్ని అదుపులో పెట్టుకోలేనివాళ్ళు ఇంట్లో కూర్చోవచ్చుగా," అన్నాడు వెనకనున్న పెద్దమనిషి, ఎవరితోనూ కానట్టు.

తండ్రి మొహం మాడిపోయింది. పెద్దమనిషిని ఏమీ అనలేక పిల్ల మీద పడ్డాడు.

"చెప్తే వినవు, కుదురుగా ఉండవు. నువ్వు నాకొద్దు, పో."

"నేనా?"

"ఆఁ, నువ్వే. తమ్ముడొక్కడు చాలు నాకు."

చిట్టి తండ్రి మొహంలోకి చూసింది. ఎప్పటిలా చివర్లో నవ్వుతాడేమోనని చూసినట్టుంది. అతను నవ్వలేదు. పట్టుకున్న చొక్కా అంచును మెల్లగా వదిలేసింది.

అరలు సర్దే ఆవిడే చీపురు, తడిగుడ్డ తెచ్చి, "పిల్లలన్నాక పడేస్తారు సార్, మీరు జరగండి," అంటూ తేనె తుడిచింది. ఇంతలో బిల్లు మిషన్లో కాగితం అయిపోయింది. కొత్త చుట్ట ఎక్కడో వెతికి తెచ్చేసరికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా అతను బాబును ఊపుతూ, నోట్లో పాలపీక పెడుతూ, సరుకులు సంచుల్లోకి సర్దుతూ గడిపాడు. చిట్టి నోరెత్తలేదు. అలిగితే వెనకాల బెల్లంకొట్టిన రాయిలా నిలబడడం దానికి అలవాటే. ఇంటికెళ్ళాక బుజ్జగించవచ్చు అనుకున్నాడు.

బయటికి పోయే గుమ్మం దగ్గర మరో వరస. అక్కడ గార్డు బిల్లూ సంచులూ సరిచూసి ముద్ర వేస్తాడు. తన వంతు రాబోతుండగా వెనక ఒకావిడ నిలబడింది. చేతిలో ఒకటే సబ్బు. భుజం మీద శాలువా కప్పుకుని పడుకున్న బిడ్డ. ఆ బరువుకు ఆవిడ ఓ పక్కకు ఒరిగిపోతోంది.

అతనికి మనసు కరిగింది. ఆ బాధ అతనికి తెలియనిదా?

"మీరు ముందు వెళ్ళండమ్మా," అన్నాడు పక్కకు జరిగి. "పిల్లల్తో ఇలాంటి చోటికి వస్తే ఎంత నరకమో నాకు తెలుసు. పరవాలేదు, తీసుకెళ్ళండి."

బూడిదరంగు శాలువా కింద తల ఒక్కసారి పైకి లేచింది. మళ్ళీ ఆవిడ భుజం మీద వాలిపోయింది.

"చల్లగా ఉండు బాబూ," అని ఆవిడ వెళ్ళిపోయింది.

గార్డు అతని సంచులు రెండుసార్లు కెలికాడు. "పదిహేడు. అన్నీ ఉన్నాయి సార్."

"పద చిట్టీ," అంటూ అతను వెనక్కి చెయ్యి చాచాడు. చేతికేమీ తగల్లేదు. తిరిగి చూశాడు. సంచులు అక్కడే వదిలేసి, బాబును గుండెకు అదుముకుని, వచ్చిన దారినే పరిగెత్తాడు.

ఎర్ర ట్రాలీలో ఏనుగు అలాగే కూర్చుని ఉంది. దాని పక్కన చిట్టి చెప్పులు రెండూ జతగా, పొందిగ్గా పెట్టి ఉన్నాయి.

"తాతగారూ, ఇక్కడ మా పాప..."

"మీ పాపా?" ముసలాయన లేచి నిలబడ్డాడు. "బుద్ధిగా ఇందులోనే కూర్చుంది. వచ్చినవాళ్ళందర్నీ 'నేను మీకు కావాలా' అని అడిగింది. అందరూ నవ్వి వెళ్ళిపోయారు. ఆఖరికి ఒకావిడ వచ్చి 'కావాలమ్మా' అంది. తల్లీకూతుళ్ళ ఆటేమో అనుకున్నా."

"ఎలా ఉంటుంది ఆవిడ?"

"మంచి మనిషే బాబూ. ఏసీకి పిల్ల వణుకుతోందని, తన ఒంటిమీది బూడిదరంగు శాలువా తీసి, తల నుంచి కాళ్ళదాకా కప్పి మరీ ఎత్తుకుంది."