రోడ్డు దాటని మిషను

“రొమ్ము క్యాన్సరు ఆపరేషన్ల కోసం కొన్నదేనా ఆ మిషను?” బల్ల మీద రెండు చేతులూ ఆనించి అడిగింది కండక్టరమ్మ.

“అవునమ్మా,” అన్నాడు సూపరింటెండెంటు.

“నా బిడ్డకొచ్చిందీ ఆ రోగమేనా?”

“అదే. కాకపోతే మిషను ఎదుటి బిల్డింగుది, మహిళా విభాగానిది. మీ ఆపరేషను ఇక్కడ, జనరల్ సర్జరీలో. రూలు ఒప్పుకోదు.”

“అయితే అక్కడికే మార్చండి.”

“కుదరదు.”

“మంచాలు ఖాళీగా ఉన్నాయి. చూసే వచ్చాను.”

“ఖాళీ ఉన్నా కుదరదమ్మా.”

కండక్టరమ్మకు ఒళ్ళు మండిపోయింది. గడ్డ తీసేశాక ఇంకెక్కడైనా రవ్వంత మిగిలిందేమో ఆ మిషను తెర మీద చూపిస్తుంది. చేతిసంచిలో పట్టేంతది. అది లేకపోతే, మిగిలిన ముక్క తర్వాతెప్పుడో పరీక్షలో బయటపడి మళ్ళీ కోయాల్సి రావచ్చని ఆపరేషను చేయబోయే డాక్టరమ్మే చెప్పింది. ఇంట్లో చూస్తే ఇద్దరు చిన్నపిల్లలు. అసలే సిగ్గుపడి, గడ్డ సంగతి నెలల తరబడి కన్నతల్లికి కూడా చెప్పకుండా దాచుకున్న బిడ్డ. రెండోసారి కత్తి కిందికి రమ్మంటే వస్తుందా ఆ ప్రాణం?

“సార్, బస్సు ఖాళీగా ఉండి, చెయ్యెత్తినా ఆపకుండా పోతే మీరు నన్నేమంటారు?”

“అది వేరు, ఇది వేరు.”

“వేరేం కాదు. ఒంట్లో పుట్టిన రోగానికి మీ బిల్డింగుల లెక్క తెలుసా?”

ఆ కేకలకు డాక్టరమ్మ లోపలికి వచ్చింది. సంగతి వినగానే ఆవిడ మొహం ఎర్రబడింది.

“రోగం అదే, మిషను అదే, కోసే చెయ్యీ అదే. మీకొచ్చిన నష్టమేంటి సార్?”

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. తనే రోడ్డు దాటి వెళ్ళి, మిషను భుజాన వేసుకొచ్చింది.

మర్నాడు డాక్టరమ్మ ఆపరేషను గదిలోంచి బయటికొచ్చి మాస్కు దించింది.

“గడ్డంతా వచ్చేసిందనే అనుకున్నానమ్మా. మిషను పెట్టి చూస్తే ఓ మూల ఇంకా మెరిసింది. అదీ తీసేశాను.”

“మిషను లేకపోయుంటే?”

“లోపలే ఉండిపోయేది.”

“ఎంత తేలిగ్గా కుదరదన్నాడో ఆ పెద్దమనిషి,” పళ్ళు కొరికింది కండక్టరమ్మ.

నర్సు వచ్చి పిలిచింది. ఆమె లోపలికి వెళ్ళి, మంచం పక్కన నిలబడి, బిడ్డ నుదుటి మీద చెయ్యి వేసింది.

కొడుకు కళ్ళు తెరిచాడు.