చేతిముద్రలు వేయబడును

“ఏలిముద్రలు ఏసేది ఇక్కడేనా అమ్మా?”

గుమ్మంలో ఎవరో ముసలాయన. మేడమెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు.

సింధు టేకాకు వెనకవైపు రంగు పూస్తోంది. తలెత్తకుండానే, “వేలిముద్రలు కాదు తాతా, చేతిముద్రలు,” అంది.

“అదేలే అమ్మా. సెయ్యి నాకూ ఉన్నాది.”

ఆమెకి నవ్వొచ్చింది. తప్పు ఆయనది కాదు, కింద వేలాడుతున్న బోర్డుది. ఆకులకీ, బెరళ్లకీ, ఈకలకీ రంగు పూసి చీరల మీద చేత్తో అచ్చులు వేయడం సింధు పని. కింద బట్టల కొట్టు నడిపే వాళ్ల నాన్న భీమశంకరరావు, బోర్డంటే బోర్డులాగే ఉండాలని ‘ఇక్కడ చేతిముద్రలు వేయబడును’ అని రాయించాడు. చీపురుపల్లి బజారంతా చదివింది గానీ మెట్లెక్కి వచ్చినవాడు ఇప్పటికి ఈయనొక్కడే.

పేరు అసిరయ్య. రైలుగేటు అవతల వీధి. ఒంటరి మనిషి. రేషన్ మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడటం లేదట. కళ్లు చూపిస్తే పొరలొచ్చాయని అదీ పట్టలేదట.

“బియ్యం ఆగిపోనాయమ్మా. నాను నాను కాదంతాది మిషను.”

“మరి నేనేం చెయ్యను తాతా?”

ఆయన ఆరేసిన చీర దగ్గరికి వెళ్లాడు. టేకాకు ఈనెలు, సన్నవి కూడా, ఒక్కటీ పోకుండా దాని మీద దిగాయి.

“ఆకు మీద గీతలు గుడ్డ మీదికి రప్పించినావు కదా. నా సేతి ఏళ్ల మీదికి కూడా అలాగే రప్పించీయమ్మా.”

సింధు ఆయన చెయ్యి పట్టుకుని, వేళ్లకి రంగు రాసి, కాగితం మీద ఒత్తింది.

అయిదు నల్లటి మచ్చలు పడ్డాయి. వాటిలో ఒక్క గీత లేదు.

“ఇంత నున్నగా ఉన్నాయేంటి! జన్మలో ఏ పనీ చెయ్యలేదా తాతా?”

సరదాకే అంది. ఆయన మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుని పంచెకి తుడుచుకున్నాడు.

“సెప్పుకునే పనేటీ నేదమ్మా.”

సింధుకి జాలేసింది. “వైజాగ్‌లో ఎగ్జిబిషన్ ఉంది తాతా. అది అవగానే నేనే నీతో ఆఫీసుకి వచ్చి మాట్లాడతాను. సరేనా?”

“బేగి వచ్చీయమ్మా.”

వైజాగ్‌లో చీరలు బాగా అమ్ముడయ్యాయి. అక్కణ్ణుంచి హైదరాబాద్ రమ్మన్నారు, వెళ్లింది. నాలుగు రోజులనుకున్నది నెల దాటిపోయింది. అసిరయ్య గుర్తుకు రాలేదని కాదు. వచ్చినప్పుడల్లా, ఊరెళ్లాక చూద్దాంలే అనుకుంది. మనమంతా అనుకునే మాటే అది.

తిరిగొచ్చిన మర్నాడు రైలుగేటు దాటి వెళ్లింది. వీధి మొదట్లో వాడకం లేని పాత నుయ్యి. దాని పక్కన కుళాయి దగ్గర నారాయణమ్మ అనే ముసలావిడ బిందె తోముతోంది.

“అసిరయ్య తాత ఇల్లెక్కడమ్మా?”

నారాయణమ్మ చేతులు ఆగాయి.

“మావ సచ్చిపోనాడమ్మా. జొరమొచ్చినాది. తట్టుకోడానికి ఒంట్లో సత్తువుంటే కదా.”

“ఇంతమంది ఉన్నారు, ఎవరూ ఇంత అన్నం పెట్టలేకపోయారా?” సింధు గొంతు తనకి తెలియకుండానే లేచింది.

“ఎందుకెట్టమమ్మా? ఇంటింటా పిలిసినాం. ‘తినేసినానే’ అనీవోడు. ఒకల కాడ సెయ్యి సాపడం మావకి సేతకాదు.”

అలాంటి మనిషి తన దగ్గరికి మెట్లెక్కి వచ్చి అడిగాడు. సింధు నూతి గట్టు మీద కూలబడిపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

 నారాయణమ్మ తోముతున్న బిందె అక్కడే వదిలేసి వచ్చి పక్కన కూర్చుంది.

కాసేపటికి సింధు లేవబోతూ చెయ్యి ఆనించింది. అరచేతికి రాయి ఎగుడుదిగుడుగా తగిలింది. గట్టు అంచు చుట్టూతా, వేలు దూరేంత లోతున గాడులు పడి ఉన్నాయి.

“ఇవి ఎవరు చెక్కారమ్మా?”

“ఎవులూ సెక్కనేదమ్మా, సేంతాడు రాసుకుని రాసుకుని కోసీసినాది. మావ పెళ్లాం కడుపుతో ఉండి నీలు తోడతా ఇందులో పడిపోనాది. ఆ మర్నాటి కాణ్ణుంచి, ఈదిలోకి కుళాయిలొచ్చీదాకా, ఏ ఇంటి ఆడమనిషినీ ఈ గట్టెక్కనివ్వకుండా అందరి నీలూ మావొక్కడే తోడినాడు.”