తొంభై వేల తుపాకీ

వేట తుపాకీకి తొంభై వేల క్రోనర్లు పోసి వచ్చాడు మా అల్లుడు స్టెయినార్.

"ఇది తనే గురి చూస్తుందా, లేక నువ్వూ చూడాలా?" అన్నాను.

"మావయ్య తుపాకీతో రెండుసార్లు పరీక్ష తప్పాను కదత్తయ్యా. ఇవాళ కూడా తప్పితే ఈ ఏడాది దుప్పుల వేటకు రానివ్వరు."

"తప్పింది నువ్వు. ఆయన తుపాకీ రెండు వేలకు కొన్నది, ఇప్పటికీ భేషుగ్గా ఉంది."

మా నార్వేలో వంద మీటర్ల దూరాన వలయంలో ఐదు తూటాలూ పడితేనే వేటకు అనుమతి. ఆ రోజు పరీక్ష మైదానంలో స్టెయినార్ కొత్త తుపాకీతో ఐదూ లోపలే వేశాడు. అదృష్టమన్నాను.

అతని నోరు మూయించాలని మా ఆయన తుపాకీ తీసుకుని నేనే బోర్లా పడుకున్నాను. నాలుగు తూటాలు నడిమధ్యన పడ్డాయి. ఐదోది బయటికి పోయింది. తుపాకీ చల్లారాక మళ్లీ కాల్చాను. మళ్లీ ఐదోదే పోయింది.

"గొట్టం వేడెక్కితే పక్కకి లాగుతుందత్తయ్యా. చవక తుపాకీల్లో మామూలే."

మా ఆయన పదకొండేళ్లు వరసగా ఐదో తూటా దగ్గరే తప్పాడు. మంచి తుపాకీ కొందామని ప్రతి ఏడూ అడిగాడు. చేతులు వణికేవాడికి ఎంత తుపాకీ అయినా దండగేనని, వేట జట్టంతా వింటుండగా, ప్రతి ఏడూ నేనే అన్నాను.