ఎడమ భుజం కుట్టు

బట్టలన్నీ తొడగ్గానే ఒంటికి తగ్గట్టు వాటంతటవే సర్దుకునే కాలం అది. చీరాలలో చేత్తో కుట్టేది లాస్య ఒక్కతే. చెల్లెలి కూతురు ఇందుమతి ఆరో పుట్టినరోజుకని ముచ్చటపడి పట్టు జాకెట్టు కుట్టింది. తొడిగితే ఎడమ భుజం జారింది. కొలత తప్పానని తనను తానే తిట్టుకుంటూ రెండుసార్లు విప్పి కుట్టింది. అయినా జారింది.

"ఇట్టా చూడవే," అంది పక్కనుంచి. పిల్ల కళ్లు తిప్పలేదు, తలే తిప్పింది.

"దానికది అలవాటక్కా," అంది చెల్లెలు హాసిని.

లాస్య పిల్ల వీపు మీద మెడ నుంచి కిందికి వేలు రాసింది. వేలు వంకరగా పోయింది.

"ఆ సర్దుకునే బట్టలే ఇన్నాళ్లూ ఈ వంకరని కప్పెట్టినయ్యి. రేపే ఆసుపత్రికి పోదాం."

కళ్లు పక్కలకు తిరగకపోవడం, వెన్ను వంగడం రెండూ ఒకే అరుదైన జన్యులోపం వల్లేనని డాక్టరమ్మ చెప్పింది. "కళ్లు ఇంతేనమ్మా. వెన్నుకు మాత్రం వేళకే వచ్చారు," అంటూ పిల్లతోపాటే ఎదిగే మెత్తటి కవచం తొడిగింది. పుట్టినరోజుకి లాస్య ఎడమ భుజాన గుడ్డ మడిచి జాకెట్టు సరిపెట్టింది.

ఏడాది తిరిగింది. ఎదిగే పిల్ల కదా అని లోపల వదిలిన గుడ్డంతా విప్పి అదే జాకెట్టు తొడిగితే, ఒళ్లంతా సరిపోయింది గానీ నిరుడు మడిచి కుట్టిన ఎడమ భుజం పట్టేసింది. లాస్య పిల్ల వీపు మీద మళ్లీ వేలు రాస్తే, ఈసారి తిన్నగా పోయింది.

ఇందుమతి తలంతా తిప్పి చూసింది. "మళ్లీ తప్పు కుట్టావా పెద్దమ్మా?"

"తప్పే కుట్టానమ్మా," అంది లాస్య, కళ్లు తుడుచుకుని కత్తెర అందుకుంటూ.